నానీ టెక్నాలజీ

ఆదివారం పొద్దున్నే అమీర్ అలీ ఇంటి వాకిలంతా పుదీనా వాసన వేస్తోంది. శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్లే రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది ఆ ఇల్లు. చేలోంచి కోసుకొచ్చిన పుదీనాను, కొత్తిమీరను గోనెపట్టా మీద కుప్పపోసి అమీర్ అలీ, ఆయన భార్య జహేదా కట్టలు కడుతున్నారు. ఎండ ముదరకముందే అవి మోపెడ్ ఎక్కి మేడ్చల్ మార్కెట్టుకు చేరాలి. వాళ్లకెదురుగా నులకమంచం మీద జహేదా తల్లి తస్లీమ్ బీ కూర్చుని ఉంది. ఆమె ఒక్క కట్టయినా కట్టదు గానీ, ఏ కట్ట వదులైందో మాత్రం కూర్చున్నచోటి నుంచే చెప్పేస్తుంది.

తస్లీమ్ బీ అంటే ఆ వాడలో ఎవరికీ తెలియదు, నానీ అంటే అందరికీ తెలుసు. అమ్మమ్మను మనవరాలు నజ్‌నీన్ పిలిచే ఆ పిలుపును మొదట పక్కింటి పిల్లలు అందుకున్నారు, వాళ్ల నుంచి పెద్దవాళ్లు నేర్చుకున్నారు, ఇప్పుడు పాలు పోసే ఆయన కూడా నానీ అనే అంటాడు. మనిషి బాగా పొట్టి. మంచం మీద కూర్చుంటే కాళ్లు నేలకు అందవు. గొంతు మాత్రం రోడ్డు దాకా అందుతుంది. అల్లుడి ఇంట్లో ఉంటున్నానన్న మొహమాటం ఆమెకు ఏ కోశానా లేదు. అమీర్ అలీ కూడా ఆ సంగతి ఏనాడూ గుర్తు చేసిన మనిషి కాదు.

పక్కింటి మల్లేశం భార్య మనోరమ గోడ మీదుగా తొంగిచూసి, నజ్‌నీన్ వచ్చిందా అని అడిగింది. నానీ ఆ ప్రశ్న కోసమే కాచుకుని కూర్చున్నట్టుంది.

"నిన్న మాపటికి వచ్చింది. ఇంక పండుకునే ఉన్నది. వారమంత నా సదువు సదివి సదివి అలిసిపోతది గదా, జర పండుకోనీ అన్న."

మనోరమ నవ్వు ఆపుకుంది. జహేదా తల వంచుకుని ముడి వేయడంలో మునిగిపోయినట్టు నటించింది. నా చదువు అని నానీ అంటున్నది నానో టెక్నాలజీని.

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం నజ్‌నీన్ ఇంటికొచ్చి, తనకు విశ్వవిద్యాలయంలో నానో టెక్నాలజీలో పీహెచ్‌డీ సీటు వచ్చిందని చెప్పింది. ఆ ఇంట్లో మాట ఉర్దూలో మొదలై తెలుగులో ముగుస్తుంది, మధ్యలో వచ్చే ఇంగ్లీషును ఎవరి చెవికి తోచినట్టు వాళ్లు వింటారు. నానీ చెవికి అది నానీ టెక్నాలజీ అయింది. అందులో ఏం చేస్తావే అని అడిగితే, మానని పుండ్లకు మందు కనిపెట్టాలని చూస్తామంది పిల్ల. నానీకి చాలా ఏళ్లుగా షుగర్, చిన్న గీత పడినా మానదు. మనవరాలు తన కోసం, తన పేరు పెట్టి ఒక చదువే చదవబోతోందని ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుని, మర్నాడు వాడంతా తీపి సేమ్యాలు పంచింది. అంత సంతోషంలో ఉన్న మనిషికి అక్షరం తప్పని చెప్పడానికి నజ్‌నీన్‌కు నోరు రాలేదు. తర్వాత చెబుదామనుకుంది. ఆ తర్వాత అనేది రానే లేదు.

అమీర్ అలీ పడ్డ పొరపాటు ఇంకో రకం. ఎరువుల దుకాణంలో నానో యూరియా అని రాసిన సీసా ఆయన కంటపడింది. బిడ్డ చేస్తున్నది ఇదేనన్నమాట, పోనీలే రైతులకు పనికొచ్చేదే అని సమాధానపడ్డాడు. ఆ మాట మల్లేశంతో అన్నాడు. మల్లేశం అప్పటి నుంచి నజ్‌నీన్ కనిపించినప్పుడల్లా, మా కోసం రెండు సీసాలు తెచ్చిపెట్టు బిడ్డా అని అడుగుతూనే ఉన్నాడు. నజ్‌నీన్ తండ్రికి విడమరచి చెప్పింది. ఆయన తలూపాడు గానీ, యూరియా కాకపోతే మరి సీసా మీద ఆ పేరెందుకుందని లోపల అనుమానం ఉండిపోయింది.

ఇంతకీ ఆ పిల్ల చదువు ఒక దారిన నడిచింది కాదు. శామీర్‌పేట సర్కారు బడిలో చదివి, మేడ్చల్‌లో ఇంటర్ చేసి, డాక్టర్ సీటు చేతికందినట్టే అంది జారిపోతే బయో ఇంజనీరింగ్‌లో చేరింది. సగం డాక్టరు, సగం ఇంజనీరు అని అమీర్ అలీ అర్థం చేసుకున్నాడు. మార్కెట్లో ఎవరైనా అడిగితే ఆ పూటకు ఏ సగం గొప్పగా తోస్తే ఆ సగమే చెప్పేవాడు. ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు నజ్‌నీన్ పుండ్ల మీద వేసే ఒక పట్టీ తయారుచేసింది. జిగురులాంటి పదార్థంలో మందు కలిపిన పట్టీ అది. మందు మొదటి రోజే కారిపోయి, తర్వాత పట్టీ ఉత్త గుడ్డముక్కలా మిగిలేది. ప్రాజెక్టుకు మంచి మార్కులే వచ్చాయి. మార్కులొచ్చాక ఇంకా ఎందుకు దాన్ని పట్టుకుని వేలాడుతున్నావని స్నేహితులు అడిగితే, పట్టీ పనిచేయలేదు కదా అంది. అంతే ఆమె జవాబు. మార్కులకూ పట్టీకీ ఏ సంబంధమూ లేదన్నట్టు చెప్పింది.

చదువయ్యాక తుర్కపల్లి దిక్కున ఒక టీకాల కంపెనీలో ఉద్యోగం దొరికింది. కంపెనీ బస్సు శామీర్‌పేట చౌరస్తాకు వచ్చేది. తెల్లకోటు మడిచి చేతిమీద వేసుకుని కూతురు ఆ బస్సెక్కుతుంటే చూడాలని అమీర్ అలీ మార్కెట్టుకు పోయే దారి మార్చుకున్నాడు. అలాంటి ఉద్యోగం చేస్తూ కూడా ఆ పిల్ల మనసంతా పట్టీ మీదే. మందు ఒక్కసారే కారిపోకుండా కొంచెం కొంచెంగా ఊరాలంటే ఏం చేయాలని అడుగుతూ సెలవు రోజున విశ్వవిద్యాలయంలో ఒక మేడమ్ దగ్గరకు వెళ్లింది. ఆ మేడమ్ ఆమెను పెద్ద మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టి వెండి రేణువులను చూపించింది. తల వెంట్రుకను లక్ష పాళ్లుగా చీలిస్తే ఎంతో, ఆ కొలతల లోకం అది. గొలుసులో ఉన్నప్పుడు కదలని వెండి, అంత చిన్నదైతే సూక్ష్మజీవుల పొర చీల్చి చంపేస్తుంది. ఆ రోజు నజ్‌నీన్ ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని కలపడం మరిచిపోయింది.

జీవశాస్త్రం చదివిన పిల్ల భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం మళ్లీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టింది. కంపెనీ బస్సులో పోతూ చదివింది, వస్తూ చదివింది. ఫెలోషిప్ పరీక్ష మొదటిసారి పోయింది. రెండోసారి నెగ్గి, ఉద్యోగం మానేసి పీహెచ్‌డీలో చేరింది. ఆ వయసులో కుదురుగా ఉన్న పనిని వదిలి, తనకు తెలియని చోటికి తానే నడిచిపోవడానికి ఎంత గుండె కావాలో ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు. అమీర్ అలీ కొన్నాళ్లు మాట్లాడనే లేదు. బస్సు కోసం మార్చుకున్న దారిని మాత్రం మళ్లీ మార్చుకోలేదు.

ఇవన్నీ అయ్యాక వచ్చిన ఆదివారం ఇది. నజ్‌నీన్ లేచి, ముఖం కడుక్కుని, ఎప్పటిలాగే గోరువెచ్చని నీళ్ల బేసిన్ తెచ్చి నానీ మంచం ముందు పెట్టింది. నానీకి చూపు తన కాళ్ల దాకా ఆనదు. అందుకని హాస్టల్ నుంచి వచ్చినప్పుడల్లా మనవరాలే గోళ్లు కత్తిరిస్తుంది. నానీ ఎడమ కాలు చాచింది. కుడి కాలు మంచం కిందికి ముడుచుకుంది. నజ్‌నీన్ అప్పుడు చూసింది, మండుటెండల్లో నానీ కుడి కాలికి మేజోడు తొడుక్కుని ఉంది.

"గా కాలు వద్దు. మొన్ననే మీ అమ్మ తీసింది గోర్లు" అంది నానీ.

"నేను తియ్యలే" అంది జహేదా, పుదీనా మీంచి తలెత్తి.

నజ్‌నీన్ వంగి ఆ మేజోడు లాగింది. లోపల పసుపు అద్దిన గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ విప్పగానే వచ్చిన వాసనకు పుదీనా వాసన కూడా ఆగలేదు. బొటనవేలి పక్క వేలు సగం దాకా నల్లబడి ఉంది. కొత్త చెప్పు కరిచిందట. అప్పుడెప్పుడో, రంజాన్ పండుగకు కొన్న చెప్పు. ఇంట్లో చెబితే డాక్టరు దగ్గరికి లాక్కుపోతారని దాచింది.

"ఎందుకు దాసినవ్ నానీ" అని అడిగింది నజ్‌నీన్, గుడ్డను పక్కన పెట్టి.

"దాసుడేంది. నీ మందు వస్తదని ఆగిన. ఇగ రెండేండ్లాయె, అయిపోవచ్చింది గదా."

పుదీనా ఆ రోజు మార్కెట్టుకు పోలేదు. మల్లేశం కారు తీశాడు. మేడ్చల్‌లో డాక్టర్ పద్మలత ఆ వేలిని చూసి, నొక్కి, పాదం పైన నాడి పట్టి చూసి, కుటుంబాన్నంతా కూర్చోబెట్టి చెప్పింది. ఆ వేలు చచ్చిపోయింది. ఒకటి రెండు రోజుల్లో తీసేస్తే పాదం దక్కుతుంది. జాగు చేస్తే పాదం, ఇంకా జాగు చేస్తే ప్రాణమే పోవచ్చు. నగరంలో సర్కారు పెద్దాసుపత్రికి వెంటనే తీసుకెళ్లమని ఆమె చెబుతుంటే నానీ ఎంతో మర్యాదగా మధ్యలో అందుకుంది. డాక్టరమ్మకు తెలియదేమో గానీ దీనికి మందు తయారవుతోందని, దానికి తన పేరే పెట్టారని, చేస్తున్నది ఈ పిల్లేనని చెప్పింది. డాక్టర్ పద్మలత నజ్‌నీన్ వైపు చూసింది. నజ్‌నీన్ నేల చూపులు చూసింది. వేలు తీయనిచ్చేది లేదని నానీ కుర్చీలోంచి లేచి, అల్లుడి భుజం పట్టుకుని, ఇంటికి పోదాం పదమంది.

ఇంటికొచ్చి నానీని లోపల పడుకోబెట్టాక, వంటింటి గుమ్మం దగ్గర అమీర్ అలీ కూతురిని నిలబెట్టాడు. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజూ గట్టిగా మాట్లాడలేదు, అందుకే కూతురికి ఎక్కువ భయమేసింది.

"నీ ల్యాబ్‌ల ఉన్నదా లేదా, గా మందు?"

"ఉన్నది అబ్బాజాన్. కానీ అది ఇంక మందు గాలే."

"అంటే?"

"గాజు ప్లేట్ల మీద క్రిములను సంపుతాంది. అంతవరకే నాకు తెలుసు. మనిషి పెయ్యిల ఏం జేస్తదో తెల్వదు. నానీ కిడ్నీలు అసలే కమ్జోర్ ఉన్నయి. గా ఎండి రేణువులు లోపలికి పోయి ఏడ కూసుంటయో నేను సూడలే."

అమీర్ అలీ తల అడ్డంగా ఊపాడు. గంత తెల్వనిది మరి రెండేండ్లు ఏం జేసినవ్ అని అడిగాడు. అడిగినవాడికి అది మామూలు ప్రశ్నే, వినే పిల్లకు మాత్రం చెంపదెబ్బలా తగిలింది. తెలియనిదాన్ని కొంచెం కొంచెంగా తెలుసుకోవడమే తన పని అని, ముందు ప్లేట్లు, తర్వాత జంతువులు, ఆ తర్వాత ఎన్నో అనుమతులు, చివరికి ఎప్పటికో మనుషులని ఆమె చెప్పుకుంటూ పోయింది. ఆ మాటలు ఆయన చెవికి ఎక్కడం లేదని ఆమెకు తెలుస్తూనే ఉంది.

"మంచి నౌకరీ ఇడిసిపెట్టినవ్. నేనేం అనలే" అన్నాడాయన. "ఇంట్ల మనిషి కాలు పోతాంటే అక్కరకు రాని సదువు ఎవలికోసం బేటా?"

తండ్రి కోపాన్నయితే నజ్‌నీన్ తట్టుకునేది. తల్లి వచ్చి చేతులు పట్టుకోవడం తట్టుకోలేకపోయింది. జహేదా ఏడుస్తూ, బతిమాలుతూ అంది:

"జర్రంత తే బిడ్డా. చిన్న డబ్బిల. ఎవ్వలికి జెప్పం. పనిజేస్తె అల్లా దయ, చెయ్యకుంటె నిన్నేం అనం."

నిజానికి తేవడం ఎంత పని. ల్యాబ్‌లో ఫ్రిజ్ తలుపు తీస్తే రెండో అరలోనే ఉంటుంది. తాను చేసిందే, తన చేత్తో మూత పెట్టిందే. ఎవరూ అడగరు. మేజోడు విప్పినప్పటి నుంచీ ఆ ఫ్రిజ్ ఆమె కళ్లముందే ఉంది. మేడ్చల్ నుంచి వచ్చేటప్పుడు కారులో వెనక సీట్లో కూర్చుని, ఇప్పుడే బయల్దేరితే మధ్యాహ్నానికి తెచ్చేయొచ్చని లెక్క కూడా వేసుకుంది. ఆ లెక్క వేసుకున్నందుకు ఇప్పుడు తనమీద తనకే సిగ్గేసింది.

"తెచ్చిన అనుకో అమ్మీ" అంది చివరికి. "నానీ దాన్నే నమ్ముకొని ఇంకో వారం ఆగుతది. గప్పటికి వేలు గాదు, పాదం పోతది. నేను తెచ్చేది మందు గాదు, గా వారం జాగు."

జహేదా చేతులు వదిలేసింది. అమీర్ అలీ వాకిట్లోకి వెళ్లి వాడిపోతున్న పుదీనా మీద నీళ్లు చల్లడం మొదలుపెట్టాడు.

నజ్‌నీన్ లోపలికి వెళ్లి నానీ మంచం పట్టె మీద కూర్చుంది. నానీ నిద్రపోలేదు. వంటింట్లో మాటలు కొన్ని వినే ఉంటుంది, కానీ విననట్టే ఉంది. ఆమె ముఖంలో కోపం లేదు, ఎదురుచూపే ఉంది. ఆ ఎదురుచూపును తీసేయాల్సింది తనే గనుక నజ్‌నీన్ ఇక మాట నానబెట్టలేదు.

"నానీ, అది నీ పేరు గాదు."

"ఏది?"

"నా సదువు. అది నానో. ఒకాయన పేరు గాదు, ఒకామె పేరు గాదు. చిన్నది అని అర్థం. మరుగుజ్జు అన్నట్టు."

నానీ పైకప్పు వంక చూసింది. వాడంతా పంచిన సేమ్యాలు, మనోరమతో, పాలాయనతో, పెళ్లిళ్లలో, పరామర్శల్లో చెప్పుకున్న మాటలు అన్నీ ఆమె కళ్ల ముందు తిరుగుతున్నట్టున్నాయి. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగింది. నువ్వు సంతోషంగా ఉన్నావని, ఆ సంతోషం చూసి నాకు కూడా బాగుండేదని, నా చదువు గురించి ఈ ఇంట్లో మురిసిపోయింది నువ్వొక్కదానివేనని నజ్‌నీన్ చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. నీ వేలికి అందేవేళకు నా మందు తయారు కాదు నానీ అంది. ఇంకో పదేళ్లకు అవుతుందో, అసలు అవుతుందో కాదో కూడా తెలియదంది. ఎవరో ఎక్కడో ఉన్నవాళ్లకు పనికిరావచ్చు, నీకు మాత్రం కాదంది.

నానీ చెయ్యి చాచి మనవరాలి తల మీద పెట్టింది.

"మరుగుజ్జు అంటే పొట్టిది గదా. నేను గూడ పొట్టిదాన్నే గదనే" అంది. తల మీది చెయ్యి తీయకుండానే, "వేలు గురించి గాదు బిడ్డా నా పరేషాన్. పోయినంక మా ఇంటాయన, మీ నానా పక్కన పండుకోవాలె. అల్లా ఇచ్చినయన్ని పట్టుకొని పోవాలె. గా వేలును కోసి ఏ చెత్తడబ్బల పారేస్తరో" అంది.

అప్పుడు తెలిసింది ఆమె ఎందుకు మొండికేసిందో. మందు మీద ఆశ ఒకటి, దాని కింద ఈ భయం ఒకటి. ఈ భయానికి జవాబు గుమ్మం దగ్గర నుంచి వచ్చింది. అమీర్ అలీ తడి చేతులతో ఎప్పుడొచ్చి నిలబడ్డాడో ఎవరూ చూడలేదు.

"పారెయ్యనియ్య అమ్మా" అన్నాడు. "డాక్టర్‌ను అడిగి నేనే తీసుకుంట. తెల్లబట్టల సుట్టి, ఖబరస్తాన్‌ల మామ పక్కన నా చేతులతోటి మట్టి ఇస్త. నువ్వు వచ్చే జాగకు అది ముందుగాల పోయిందనుకో."

నానీ అల్లుడి ముఖం చూసింది. అడిగిందల్లా ఇచ్చే మనిషి, ఎన్నడూ మాట తప్పని మనిషి. ఆమె కళ్లు మూసుకుని తెరిచి, సరేనంది. అంత మొండి మనిషి అంత తేలిగ్గా సరేనంటుందని ఎవరూ అనుకోలేదు. జహేదా వంటింట్లోంచి పరుగున వచ్చి తల్లి కాళ్ల దగ్గర కూలబడింది.

ఆమె ఏడుపు కాస్త తగ్గాక నానీ మళ్లీ మనవరాలి వైపు తిరిగింది. "నీ సదువుకు ఏం గావాలె? ఎండి ఒక్కటే గావాల్నా?" అని అడిగింది. వెండి తాము చేసుకుంటామని, కానీ దాన్ని పరీక్షించడానికి మానని పుండ్లలో ఉండే క్రిములు కావాలని నజ్‌నీన్ చెప్పింది. ల్యాబ్‌లోనే పెంచిన క్రిములు మెత్తనివి, పుండ్లలో పెరిగినవి మొండివి. పెద్దాసుపత్రిలో ఒప్పుకున్న రోగుల పుండ్ల నుంచి తీసిన నమూనాలు తమ ల్యాబ్‌కు వస్తాయని, వాటి మీదే తమ పనంతా అని చెప్పింది.

"క్రిములా? గవి నా దగ్గర మస్తుగున్నయి గదనే" అంది నానీ.

నజ్‌నీన్‌కు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంట్లో అందరికీ అలాగే వచ్చింది. అమీర్ అలీ ముఖం తుడుచుకుంటూ బయటికి వెళ్లి, గోడ అవతల కారు కడుగుతున్న మల్లేశంతో మాట కలిపాడు.

"మార్కెట్ల ఇన్నేండ్ల సంది జూస్తున్న భాయ్. వాడిపోయిన కట్టను గూడ తాజాదని అమ్మేటోళ్లే అందరు. నేను గూడ అమ్మిన. ఇంట్లోళ్లు కాళ్లు పట్టుకున్నా నా సరుకు ఇంక తయారు గాలేదని చెప్పేటోళ్లను ఇయ్యాలనే జూసిన."

మల్లేశానికి సగమే అర్థమైంది. యూరియా సీసాల సంగతి అడగడానికి ఇది సమయం కాదని మాత్రం పూర్తిగా అర్థమైంది.

మర్నాడు పెద్దాసుపత్రిలో నానీని చేర్చారు. పరిశోధనకు నమూనా ఇవ్వడం గురించి నర్సు వివరంగా చదివి వినిపించి, ఇష్టం లేకపోతే మానేయొచ్చని కూడా చెప్పింది. నానీ బొటనవేలు చాచి ముద్ర వేసింది. వేశాక, నా పేరు ఎక్కడ రాస్తారని అడిగింది. పేర్లు రాయరని, ఎవరివో ల్యాబ్‌లో ఎవరికీ తెలియకూడదని, ఆసుపత్రివాళ్లు ఒక నంబరు వేసి పంపుతారని నర్సు చెప్పింది. నానీ ఒక్క క్షణం నిరాశపడింది. పక్కనే ఉన్న నజ్‌నీన్ ఆమె చేతిని పట్టుకుంది.

వేలు తీశారు. పాదం దక్కింది. సాయంత్రం అమీర్ అలీ చిన్న తెల్లగుడ్డ మూటను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఖబరస్తాన్‌కు వెళ్లాడు. మల్లేశం పార తీసుకుని వెంట వెళ్లాడు. మామ సమాధి పక్కన జానెడు గుంత తవ్వి, మట్టి ఇచ్చి, చేతులు ఎత్తి దువా చేశాడు. ఇంటికొచ్చాక తినేటప్పుడు తన పళ్లెంలోని మాంసం ముక్క తీసి కూతురి పళ్లెంలో వేశాడు. ఆ పిల్ల చిన్నప్పుడు బడిలో మొదటి ర్యాంకు తెచ్చినప్పుడల్లా ఆయన చేసే పని అదే.

రెండు వారాల తర్వాత నజ్‌నీన్ ఇంటికొచ్చేసరికి నానీ మళ్లీ వాకిట్లో నులకమంచం ఎక్కింది. కాలికి కట్టు ఉంది, గొంతుకు ఏ కట్టూ లేదు. మనోరమ గోడ మీదుగా పలకరించి, అలవాటు చొప్పున, నీ పేరు పెట్టిన చదువు ఎంతవరకు వచ్చింది నానీ అని అడిగింది. అడిగాక నాలుక కరుచుకుంది. ఆ సంగతి వాడంతా తెలిసిపోయింది మరి. లోపల బేసిన్‌లో నీళ్లు పోస్తున్న నజ్‌నీన్ చెయ్యి ఆగింది.

"గది నా పేరు గాదట మనోరమా" అంది నానీ, రోడ్డు దాకా వినిపించే గొంతుతో. "పేరు లేకుంటేంది. దాంట్ల నేనే ఉన్న గదా."

ఆ సాయంత్రం అమీర్ అలీ కూతురిని మోపెడ్ మీద మేడ్చల్ డిపో దాకా దింపాడు. దారిలో ఒక్కటే ప్రశ్న అడిగాడు, గాజు ప్లేట్లను రాత్రిపూట ఎవరు చూసుకుంటారని. వెచ్చగా ఉండే పెట్టెలో పెడతామని, పొద్దున తనే వెళ్లి చూస్తానని ఆమె చెప్పింది. ఆయన తృప్తిగా తలూపాడు. బస్సు కదిలేదాకా, కదిలి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.

సోమవారం పొద్దున ల్యాబ్‌లో నజ్‌నీన్ ఆ పెట్టె తలుపు తీసింది. ఆసుపత్రి నుంచి కొత్తగా వచ్చిన నమూనాల ప్లేట్లు వరసగా ఉన్నాయి. అన్నిటి మీదా నంబర్లే. వాటిలో నానీది ఏదో ఆమెకు తెలియదు, తెలుసుకోకూడదు కూడా. అందుకని ఒక్కొక్క ప్లేటునూ రెండు చేతులతో పట్టుకుని, తొణక్కుండా, అన్నీ నానీవే అన్నట్టు తీసి బల్ల మీద పెట్టింది. పెడుతూ సన్నటి గొంతుతో సలాం నానీ అంది.

పక్క బల్ల దగ్గర పనిచేసుకుంటున్న సుజిత్ తలెత్తి నవ్వాడు.

"ఏంటి నజ్‌నీన్, నానోకి సలాం పెడుతున్నావా?"

ఈసారి కూడా ఆమె తప్పు దిద్దలేదు.